సికందర్ బండి పూర్తిగా రాలేదు

నా చిన్నప్పుడు సికందరంటే నాకు పిచ్చి. మీరు అలెగ్జాండర్ అంటారేమో, రాయపూర్‌లో పెరిగిన మాకు మాత్రం అతను సికందరే. మా హిందీ వాచకంలో గుర్రం మీద కూర్చున్న అతని బొమ్మ ఉండేది. కింద ‘సికందర్ మహాన్’ అని రాసి ఉండేది. ఆ గుర్రానికి నేను నా ఎర్ర పెన్సిలు అరిగిపోయేదాకా రంగు వేశాను. అది చూసి మా అమ్మ, “ఆడేటి మీ మేనమామేటే, అంత ముద్దు సేస్తన్నావు?” అని ఆట పట్టించేది.

మేము రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా తాతయ్య కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం మాది. ఇంట్లో సిక్కోలు తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బజారులో ఛత్తీస్‌గఢీ. మూడూ గడగడా మాట్లాడేదాన్ని గానీ, హిందీలో ఆడా మగా తేడా అప్పుడప్పుడు తారుమారయ్యేది. బడిలో అందరూ నవ్వడానికి అది చాలు. ఆడపిల్లల బడి అది. తెలుగు పిల్లల్ని వందన గీతం పాడడానికి పిలిచేవారు, పంద్రాగస్టుకి బెంచీలు మొయ్యడానికి పిలిచేవారు. మాట్లాడడానికి మాత్రం ఎప్పుడూ స్టేజీ ఎక్కించలేదు.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా, దసరా సెలవులకు ముందు, మా హిందీ బెహన్జీ వక్తృత్వ పోటీ పెట్టారు. అక్కడ టీచరమ్మల్ని బెహన్జీ అనేవాళ్ళం. విషయం ‘సికందర్ మహాన్ థా’. గొప్పవాడేనని ఇద్దరు, కాదని ఇద్దరు మాట్లాడాలి. గెలిచినవాళ్ళు బిలాస్‌పూర్ వెళ్ళి పెద్ద పోటీలో మాట్లాడతారు. గొప్పవాడని చెప్పే జట్టులో మొదటి మనిషి వకీలు గారి అమ్మాయి. పదకొండో క్లాసు పిల్ల, గొంతు విప్పితే గది నిండిపోయేది. రెండో మనిషిగా బెహన్జీ నన్ను తీసుకున్నారు. కారణం నా తెలివి కాదు, నా జ్ఞాపకశక్తి. నాలుగు పేజీల పాఠం రెండుసార్లు చదివితే అప్పజెప్పేదాన్ని.

తీసుకున్నరోజే ఆవిడ నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పారు. ఇది చెడగొట్టావంటే మీ క్వార్టర్ల పిల్లల్ని ఇంకెప్పుడూ స్టేజీ ఎక్కించమని నన్నెవరూ అడగకూడదు, అని. చెడ్డ మనిషి కాదు ఆవిడ. నాకు చోటిచ్చినందుకు మిగతా టీచర్ల దగ్గర మాట పడి ఉంటారు. కానీ ఆ మాట నా నెత్తిన బండరాయిలా కూర్చుంది. నా వెనక అయిదో క్లాసులో మా చెల్లి ఉంది. నాకంటే బాగా మాట్లాడుతుంది. నేను తడబడితే దాని నోటికి కూడా తాళం పడుతుంది.

ఉపన్యాసం బెహన్జీయే రాసిచ్చారు. అప్పట్లో అది ఆనవాయితీ. టీచరు రాస్తారు, పిల్ల బట్టీ కొడుతుంది, చేతులు ఎప్పుడు ఎత్తాలో కూడా కాగితం పక్కన రాసి ఉంటుంది. ‘కాదు’ అనే జట్టుకి మాత్రం ఆవిడ ఏదో నాలుగు ముక్కలు గిలికి ఇచ్చారు. ఆవిడకి కూడా సికందరంటే పిచ్చేగా!

నాకు రాసిచ్చిన దాంట్లో చివరి ఘట్టం అద్భుతంగా ఉండేది. ఎడారిలో సైన్యం దాహంతో అల్లాడిపోతుంటే సైనికులు ఎక్కడో దొరికిన కాసిని నీళ్ళు శిరస్త్రాణంలో పట్టి సికందర్‌కి తెచ్చి ఇస్తారు. నా వాళ్ళందరూ దాహంతో ఉండగా నేనొక్కణ్ణే తాగనని అతను ఆ నీళ్ళు ఇసుకలో పారబోస్తాడు. అక్కడ నేను కుడిచెయ్యి వంచి నీళ్ళు వంపినట్టు చూపించాలి. అద్దం ముందు వంపి వంపి నా భుజం నొప్పి పుట్టింది.

పోటీ శనివారం. ముందు ఆదివారం నాన్నతో కలిసి పాసింజరెక్కి తిల్దా వెళ్ళాను. అక్కడ మా పెదనాన్న రైల్వేలో కేబిన్‌మేన్. స్టేషన్‌కి కాస్త దూరంలో, పట్టాల పక్కన, మెట్లెక్కి వెళ్ళే చిన్న మేడ గది ఆయన కేబిన్. సిగ్నళ్ళు లాగే లీవర్లు, స్టేషన్ మాస్టరుతో మాట్లాడే ఫోను అందులోనే ఉండేవి. పిల్లలు లోపలికి రాకూడదని రూలు. ఆయన రూలంటే రూలే. నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టి, తలుపు తీసి ఉంచేవాడు. తిల్దా అంటే బియ్యం మిల్లులు. గాలి వీచినప్పుడల్లా తవుడు వాసన వచ్చేది.

మా పెదనాన్నకి చదువు అంతంతమాత్రం. కానీ ఆయన వింటే చెవులు రెండూ పెట్టి వినేవాడు. మెట్ల మీద నిలబడి నా ఉపన్యాసం మొత్తం, చేతులతో సహా, అప్పజెప్పాను. ఆయన చప్పట్లు కొడతాడని చూశాను. కొట్టలేదు. గడ్డం గోక్కుంటూ, “బాగుందే అమ్మీ. ఎల్లినాడు, గెలిసినాడు. మరి కూడా ఎల్లినోళ్ళంతా ఇంటికొచ్చినారేటి?” అన్నాడు.

నాకు తెలియదు. బెహన్జీ కాగితంలో లేదు. నీళ్ళు పారబోసిన తర్వాత చప్పట్లే ఉన్నాయి. నాకు ఉక్రోషం వచ్చింది. గెలిచిన రాజును పట్టుకుని ఇంటికొచ్చారా అని అడిగేదేమిటి, ఆయనేమన్నా సంతకెళ్ళాడా అన్నాను. పెదనాన్న నవ్వి, ఒక పందెం కాశాడు. ఆ పూట మూడు బళ్ళు వస్తాయి. ఒక్కో బండీ ఎప్పుడు వచ్చిందో నేను చెప్పాలి. సరిగ్గా చెప్పినప్పుడల్లా ఒక ముర్రా లడ్డూ, అంటే మన మరమరాల ఉండ. బండి రావడం చెప్పడానికి ఏముంది? గుడ్డివాడైనా చెబుతాడు కదా అనుకున్నాను.

మొదటిది గూడ్సు బండి. ఆవిరి ఇంజను పొగ కక్కుతూ కేబిన్ ముందుకు రాగానే “వచ్చింది!” అని అరిచాను. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. పెట్టెలు ఒకటొకటిగా దాటుతూనే ఉన్నాయి. ఆయన కన్ను మాత్రం వాటి మీద లేదు, తోక వైపే ఉంది. అన్నిటికంటే వెనక గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్ వచ్చింది. దాని వీపున ఒక రేకు పలక వేలాడుతోంది. ఆ పలక కళ్ళారా చూశాకే ఆయన గార్డుకి పచ్చజెండా ఎత్తి చూపించి, ఫోను తీసి బండి వచ్చిందని స్టేషన్ మాస్టరుకి చెప్పాడు. ఇదే చివరి పెట్టె అని తెలపడానికి ప్రతి బండికీ ఆ పలక కడతారట. అది కనబడనిదే బండి వచ్చినట్టు కాదు. వచ్చిందని కేబిన్‌మేన్ అనకపోతే వెనక స్టేషన్‌లో ఆగి ఉన్న బండిని ఈ దారి మీదకి వదలరు. మొదటి లడ్డూ పోయింది.

రెండోది పాసింజరు. ఈసారి నోరు కట్టుకుని, చివరి పెట్టె దాకా ఆగి, పలక చూసి చెప్పాను. లడ్డూ నాదే. అప్పటికి నాకు విద్య మొత్తం వచ్చేసిందని గర్వం కూడా వచ్చేసింది.

మూడోది మళ్ళీ గూడ్సు. ఆశ్వయుజం ఎండ, అక్కడ కువార్ ఎండ అంటారు, మాడు పగులుతోంది. ఇంజను దాటింది. పెట్టెలు దాటాయి. నేను ఓపిగ్గా చూసి, ఆఖరి పెట్టె ముందు నుంచి పోగానే “ఇప్పుడు వచ్చింది!” అని గట్టిగా అరిచి లడ్డూ కోసం చెయ్యి చాపాను. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పెదనాన్న ముఖంలో నవ్వు లేదు. ఆ పెట్టె వెనక పలక లేదు, బ్రేక్‌వ్యాన్ లేదు, గార్డు లేడు. ఒట్టి కొక్కెం వేలాడుతోంది. దాటిన వాటిలో ఆఖరిదాన్ని చూశాను గానీ, బయలుదేరిన వాటిలో ఆఖరిది అదేనా అని చూడలేదు నేను.

బండి దారిలో ఎక్కడో తెగిపోయింది. ఇంజను కొన్ని పెట్టెలతో ముందుకు వచ్చేసింది, మిగతావి వెనక పట్టాల మీదే నిలబడిపోయాయి. వెనక స్టేషన్‌లో మెయిలు, నిండా జనంతో, ఈ దారి కోసమే కాచుకుని ఉంది. పెదనాన్న ఫోనులో ఒకే మాట చెప్పాడు. “నహీఁ సాబ్. ఇంజన్ ఆయా హై, గాడీ నహీఁ ఆయీ.” ఇంజను వచ్చింది, బండి రాలేదు. అటువైపు ఏమడిగారో, మళ్ళీ అదే చెప్పాడు. మెయిలు ఆలస్యమైపోతోందని అడిగారనుకుంటాను, మూడోసారి కూడా అదే మాట, అదే గొంతు. నేను కేబిన్‌మేన్‌నైతే? లడ్డూకి చెయ్యి చాపినంత తేలిగ్గా ‘వచ్చింది’ అనేసేదాన్ని.

గంట పైన పట్టింది. మనుషులు వెళ్ళారు, ఇంజను వెళ్ళింది, తెగిన పెట్టెలను లాక్కొచ్చారు. బ్రేక్‌వ్యాన్‌లోంచి గార్డు దిగాడు. పెద్దాయన. ఆ ఎండలో, వెనక ఏ బండి వచ్చి మీద పడుతుందోనని ఎర్రజెండా పట్టుకుని పట్టాల మీద నిలబడ్డాడట. దిగగానే నీళ్ళు అడిగాడు. పెదనాన్న ఇచ్చిన చెంబెడు నీళ్ళూ గుక్క తిప్పుకోకుండా తాగి, ఇంకో చెంబు అడిగాడు. ఆ తర్వాత పెదనాన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత మెయిలు మెల్లగా దాటి వెళ్ళింది. కిటికీ దగ్గర ఒకామె తన పిల్లాడికి అరటిపండు ఒలిచి పెడుతోంది. తలుపు దగ్గర ఎవరో ఆలస్యమైందని విసుక్కుంటున్నారు. వాళ్ళెవరికీ ఏమీ తెలియదు. నాకు ఏడుపొచ్చేసింది, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పెదనాన్న పోయిన లడ్డూలు కూడా నా ఒళ్ళో పెట్టి, “ఏడవకే. అందరూ వొచ్చీసినారు గదా” అన్నాడు.

సోమవారం బడికి వెళ్ళగానే లైబ్రరీలో లావు చరిత్ర పుస్తకం తీశాను. మా వాచకం సికందర్ వెనక్కి తిరగడంతో ఆగిపోతుంది. నేను ఆ తర్వాతి పేజీలు తిప్పాను. వాటిని అంతకు ముందు ఎవరూ తెరిచినట్టు లేదు, అంటుకుపోయి ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో సైన్యంలో ఒక భాగాన్ని అతను మక్రాన్ ఎడారి గుండా నడిపించాడు. దాహంతో, ఆకలితో, ఎండకి దారి పొడుగునా ఎందరో రాలిపోయారు. సైన్యం వెంట వచ్చిన ఆడవాళ్ళూ పిల్లలూ కూడా. బతికిన వాళ్ళు ఎడారి దాటారు. అతను మాత్రం బాబిలోన్‌లోనే చనిపోయాడు, ఇల్లు చేరలేదు. నా ఎర్ర గుర్రం గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది.

మంగళవారం ‘కాదు’ జట్టులో ఒకమ్మాయికి టైఫాయిడ్ అని తెలిసింది. రెండో అమ్మాయి, ఒక్కదాన్నే మాట్లాడలేనని తప్పుకుంది. ఎదుటి పక్షం లేకపోతే పోటీయే లేదు. అప్పుడు నేను లేచి, అటు వైపు నేను మాట్లాడతానన్నాను. బెహన్జీ ముఖం కందగడ్డయింది. నేను నీకు ఒక్క అక్షరం రాసివ్వను అన్నారు. వద్దండీ అన్నాను. నేను చెప్పింది గుర్తుందిగా అన్నారు. ఎలా మరిచిపోతాను? ఆ రాత్రి చెల్లి నా పక్కన చేరి, “ఏటయినా ఫరవాలేదే అక్కా, నువ్వు సెప్పు” అంది.

శనివారం హాలు కిటకిటలాడిపోయింది. రిటైరైన జడ్జిగారు ఒకాయన నిర్ణేతగా వచ్చారు. వకీలు గారి అమ్మాయి ముందు మాట్లాడింది. దేశాలు చెప్పింది, యుద్ధాలు చెప్పింది, చివరికి నా నీళ్ళ ఘట్టం ఎత్తుకుంది. నేను బట్టీ కొట్టిన మాటలే, నేను వంపిన చెయ్యే. నాకంటే చక్కగా వంపింది. హాలంతా చప్పట్లు. బెహన్జీ కళ్ళు తుడుచుకున్నారు.

నా పేరు పిలిచారు. లేచి స్టేజీ మీద నిలబడ్డాను. మొదటి వాక్యంలోనే, హిందీలో ఆడదైన సేనని మగవాణ్ణి చేసేశాను, వెనక వరసలు కిసుక్కుమన్నాయి. అటు చూస్తే ఆ వెనక వరసలోనే, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, నీలం చొక్కాతో మా పెదనాన్న. ఆయన నవ్వలేదు. తోక కోసం చూసే చూపుతో నన్నే చూస్తున్నాడు.

దాంతో నా భయం ఎటు పోయిందో పోయింది. సికందర్ ధైర్యవంతుడు కాదని నేననను అన్నాను. దాహంతో ఉండి కూడా నీళ్ళు పారబోశాడు, మనందరం చప్పట్లు కొట్టాం. నాదొక్కటే ప్రశ్న. ఆ నీళ్ళులేని దారికి వాళ్ళని తీసుకెళ్ళింది ఎవరు?

అప్పుడు నేను మా తిల్దా కేబిన్ గురించి చెప్పాను. ఇంజను వస్తే బండి వచ్చినట్టు కాదని చెప్పాను. చివరి పెట్టె వెనక పలక ఉంటుందని, అది చూడకుండా ‘వచ్చింది’ అన్నవాడి వల్ల మెయిల్లో ఉన్నవాళ్ళందరూ పోతారని చెప్పాను. సికందర్ ఇంజను చాలా గొప్పది, ఎంత దూరమైనా లాగింది. కానీ పెట్టెలు ఎడారిలో తెగిపోయాయి. వాటిలో ఉన్నవాళ్ళకి పేర్లు లేవు, బొమ్మలు లేవు, మన పాఠం వాళ్ళ దాకా వెళ్ళనే లేదు. వాళ్ళ అమ్మలు ఎక్కడో గుమ్మాల్లో నిలబడి దారి చూస్తూనే ఉండి ఉంటారు. అందుకని ‘మహాన్’ అనే పచ్చజెండా నేను ఎత్తలేను. సికందర్ బండి పూర్తిగా రాలేదు.

కూర్చున్నాను. ఎక్కడ మొదలయ్యాయో తెలియదు, చప్పట్లు. అవి ఆగాయనుకుంటే మళ్ళీ మొదలయ్యాయి. జడ్జిగారు కళ్ళజోడు తీసి, ఇదంతా ఏ పుస్తకంలో ఉందమ్మా అని అడిగారు. ఎడారి సంగతి పుస్తకంలో ఉందండీ, మిగతాది మా పెదనాన్న చెప్పాడు, అదిగో, అని చూపించాను. హాలంతా వెనక్కి తిరిగింది. పాపం మా పెదనాన్న, పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినట్టు ఉలిక్కిపడి లేచి నిలబడి, జడ్జిగారికి సెల్యూట్ కొట్టాడు. జడ్జిగారు కూడా లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నాకు మొదటి బహుమతి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు బహుమతి కంటే ఆ నమస్కారమే ఎక్కువ గుర్తుంది. మా వాళ్ళకి ఆ ఊళ్ళో ఒక పెద్దమనిషి లేచి నిలబడి నమస్కారం చెయ్యడం నేను చూసింది అదే మొదటిసారి.

బెహన్జీ నా దగ్గరికి వచ్చారు. నేను తల దించుకున్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, “అబ్ సే అప్నా భాషణ్ ఖుద్ లిఖ్‌నా” అన్నారు. ఇక నుంచి నీ ఉపన్యాసం నువ్వే రాసుకో, అని. ఆ ఒక్క మాటకి నాకు బిలాస్‌పూర్ వెళ్ళివచ్చినంత అయింది. నిజంగా వెళ్ళాను కూడా, అక్కడ రెండో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది స్టేజీ మీద మా చెల్లి, దాని తర్వాత మా క్వార్టర్ల పిల్లలు ఎందరో. బెంచీలు మోసే పని అందరికీ వంతులవారీగా వచ్చింది.

తర్వాత నేను అదే ఊళ్ళో చరిత్ర టీచరునయ్యాను, చివరికి హెడ్‌మిస్ట్రెస్‌నీ అయ్యాను. ఏళ్ళ తరబడి సికందర్ పాఠం చెప్పాను. ప్రతి ఏడూ పాఠం అయిపోయాక పిల్లల చేత ఆ తర్వాతి పేజీలు తిప్పించాను. పిల్లల్ని దగ్గర్లోని ఆరంగ్ ఊరి పాత గుళ్ళకి తీసుకెళ్ళినప్పుడు అందరికంటే వెనక నేనే నడిచేదాన్ని. హెడ్‌మిస్ట్రెస్ ముందుండాలి గదా అని తోటి టీచర్లు నవ్వేవారు. నవ్వనిద్దురూ!

ఇప్పుడు మా మనవరాలు వాచకం తెచ్చి, నానమ్మా, ఈయన నిజంగా గొప్పవాడా అని అడుగుతుంది. బొమ్మలో గుర్రం మారింది గానీ కింద ఆ మాట అలాగే ఉంది. ఇంజను గొప్పదేనే, అంటాను. మరి బండి వచ్చిందా అని అది కళ్ళు చికిలించి నన్నే ఎదురు అడుగుతుంది, దానికి ఈ కథంతా కంఠతా వచ్చు. అప్పుడు ఇద్దరం కలిసి చివరి పేజీ దాకా వెతుకుతాం. అందులో ఎవరైనా తన వాళ్ళందరినీ ఇంటికి తెచ్చిన మనిషి కనబడితే, నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, మా పెదనాన్న పచ్చజెండా ఎత్తినట్టు.